మెషిన్ బెల్టు నాలుగు నెలల్లో రెండోసారి తెగిందంటే

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. కొండాపూర్‌లో హాస్టళ్ళకూ రెండు చిన్న హోటళ్ళకూ దుప్పట్లు, టవళ్ళు ఉతికి ఇస్తున్నారు. 30 కిలోల మెషిన్, వెనక మోటారు నుంచి డ్రమ్మును తిప్పే మూడు వీ-బెల్టులు (పక్కలు వాలుగా ఉండే రబ్బరు బెల్టులు). మొన్న రాత్రి చివరి స్పిన్‌లో టప్పుమని శబ్దం వచ్చి డ్రమ్ము ఆగిపోయింది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. కవరు తీసి చూస్తే ఒక బెల్టు తెగి కింద పడి ఉంది, ఒకటి గాడిలోంచి జారిపోయింది, మూడోది వదులుగా వేలాడుతోంది. నాలుగు నెలల కిందట కూడా ఒకటి తెగితే మెకానిక్ ఒక్కటే కొత్తది వేసి వెళ్ళాడు. ఇప్పుడూ ఫోన్లో అదే మాట అంటున్నాడు. ఒకటి వేయాలా, మూడూ వేయాలా, మన పనివాళ్ళతోనే చేయించుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. ఈ మధ్య దుప్పట్లు ఇంతకు ముందుకన్నా తడిగా, బరువుగా వస్తున్నాయని చివర్లో ఒక వాక్యం రాశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ వాక్యమే.

మూడూ మార్చండి. పని మీ వాళ్ళతో చేయించుకోవచ్చు, కానీ నేను చెప్పే జాగ్రత్తలన్నీ పాటిస్తేనే. కొత్తవి ఎక్కించేముందు పాతది ఎందుకు తెగిందో తప్పకుండా తెలుసుకోవాలి. సరిగ్గా బిగించిన వీ-బెల్టు నాలుగు నెలల్లో తెగదు. నేను ఒక హోటల్ లాండ్రీలో హెల్పర్‌గా మొదలుపెట్టి 22 ఏళ్ళుగా ఈ మెషిన్లే బాగుచేస్తున్నాను. రోజంతా లోడు మీద లోడు వేసే చోట కూడా ఒకే సెట్టు ఏళ్ళ తరబడి నడవడం చూశాను.

ఒక్కటే వేస్తే ఏమవుతుందో చెబుతాను. వీ-బెల్టు వాడుతున్నకొద్దీ సాగుతుంది, పక్కలు అరుగుతాయి, అరిగినకొద్దీ గాడిలో కిందికి దిగుతుంది. రెండు పాతవాటి పక్కన ఒక కొత్తది వేసి మోటారును లాగి బిగిస్తే ముందు బిగుసుకునేది కొత్తదే, ఎందుకంటే మూడింటిలో పొట్టిది అదే. పాతవి రెండూ పేరుకు తిరుగుతుంటాయి. ముగ్గురు మోయాల్సిన మూట ఒక్కడి నెత్తిన పెట్టినట్టన్నమాట. మీ దగ్గర ఇప్పుడు తెగింది నాలుగు నెలల కిందట వేసిన ఆ కొత్త బెల్టే అయి ఉంటుందని నా నమ్మకం. దాని మీద అచ్చు చెరిగిపోకపోతే మిగతా రెండింటితో పోల్చి చూడండి.

ఇప్పుడు ఆ తెగిన ముక్కను పారేయకుండా వెలుతురులోకి తెచ్చి చూడండి. పక్కలు అద్దంలా నున్నగా, నల్లగా మెరుస్తూ, కాలిన రబ్బరు వాసన వస్తుంటే అది వదులుగా ఉండి జారుతూ తిరిగిందని అర్థం. ఒక పక్క బాగా అరిగి రెండో పక్క కొత్తగా ఉంటే మోటారుదీ డ్రమ్ముదీ రెండు పుల్లీలూ (బెల్టు తిరిగే గాడి చక్రాలు) ఒకే వరసలో లేవు. లోపలి వైపు అడ్డంగా పగుళ్ళు ఉంటే వేడి, వయసు. ముట్టుకుంటే జిగటగా, ఉబ్బినట్టు ఉంటే బేరింగ్ గ్రీజో ఆయిలో తగులుతోంది. ఈ గుర్తులేవీ లేకుండా, బెల్టు కొత్తగానే ఉండి ఒకే చోట కత్తితో కోసినట్టు తెగిందనుకోండి, ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరుతోనో రాడ్డుతోనో ఎత్తి పుల్లీ మీదికి తోసి ఉంటారు. బెల్టుకు బలం రబ్బరులో లేదు, లోపల నిలువునా వేసిన సన్నటి తాళ్ళలో ఉంది. అలా ఎత్తినప్పుడు అంచున రెండు మూడు పోగులు తెగుతాయి. పైకి ఏమీ కనపడదు. కొన్నాళ్ళకు అక్కడే తెగుతుంది.

మీ దుప్పట్లు తడిగా వస్తున్నాయన్న విషయానికి వస్తాను. బెల్టు జారితే మోటారు పూర్తి వేగంతో తిరిగినా డ్రమ్ము ఆ వేగం అందుకోదు, నీళ్ళు పూర్తిగా పిండదు. అలా నెలల తరబడి జారుతూ తిరిగి ఉండొచ్చు. అయితే ఇంకో కారణం కూడా ఉంది, అది ఉంటే ఎన్ని బెల్టులు వేసినా నిలవవు. డ్రెయిన్ వాల్వ్ సరిగ్గా తెరుచుకోకపోవడం. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళే దిక్కు. ఆ ఉప్పు నీళ్ళకు వాల్వ్ లోపల తెల్లటి గార పట్టి, దాని మీద టవళ్ళ నూగు పేరుకుంటుంది. నీళ్ళు సన్నగా పోతుంటాయి. మెషిన్ మాత్రం టైమర్ ప్రకారం స్పిన్ మొదలుపెడుతుంది. లోపల ఇంకా నీళ్ళు ఉండగానే డ్రమ్ము వేగం అందుకోవాలంటే ఆ బరువంతా బెల్టుల మీదే. మెషిన్ నడిచేలోపే ఈ వాల్వ్ విప్పించి శుభ్రం చేయించండి. తర్వాత ఖాళీ డ్రమ్ములో నీళ్ళు నింపి వదిలి, పూర్తిగా పోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. స్పిన్ మొదలయ్యేలోపు పోకపోతే ఇంకా అడ్డు ఉన్నట్టే.

స్పిన్ ఎంత బలమైందో ఊహకు అందడానికి ఒక లెక్క చెబుతాను. డ్రమ్ము వ్యాసం 75 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 700 తిరుగుళ్ళు అనుకోండి. అంచున ఉన్న బట్ట మీద పడే బలం దాని బరువుకు దాదాపు 200 రెట్లు. అంటే ఒక పక్క రెండు కిలోలు ఎక్కువ పేరుకుంటే షాఫ్టును (డ్రమ్ము ఇరుసును), అది తిరిగే బేరింగులను ప్రతి తిరుగుడుకూ 400 కిలోల బరువు లాగుతున్నట్టు. అందుకే ఒకే పెద్ద బొంత వేసి మిగతా డ్రమ్ము ఖాళీగా తిప్పొద్దని, 30 కిలోలని రాసి ఉంటే పొడి బట్టలు తూకం వేసి 30 లోపే వేయమని చెబుతుంటాను. కంటితో చూసి కుక్కితే శ్రావణంలో పెళ్ళిళ్ళ సీజన్‌కు మీ లోడు 40 దాటుతుంది.

పని మొదలుపెట్టేముందు వేళ్ళ సంగతి. నేను పనిలో చేరిన కొత్తలో నా పక్కన పనిచేసే కుర్రాడు కొత్త బెల్టును సగం పుల్లీ మీద పెట్టి, డ్రమ్మును చేత్తో తిప్పుతూ ఎక్కిస్తున్నాడు. కరెంటు తీసేసే ఉంది. కానీ డ్రమ్ములో తడి బట్టలు అలాగే ఉన్నాయి. అవి పైకి వచ్చాక ఆ బరువుకు డ్రమ్ము తనంతట తనే గిర్రున సగం చుట్టు తిరిగింది. అతని చూపుడు వేలు బెల్టుకూ గాడికీ మధ్య నలిగింది, వేలి కొస పోయింది. ఈ రోజుకీ బెల్టు పని చెప్పేటప్పుడు నాకు ముందు ఆ చెయ్యే గుర్తొస్తుంది. కాబట్టి ముందు బట్టలన్నీ తీసేయండి. నీళ్ళు ఉంటే పోనివ్వండి. చాలా కమర్షియల్ మెషిన్లలో కరెంటు పోతే డ్రెయిన్ వాల్వ్ తనంతట తనే తెరుచుకుంటుంది, మీది కూడా అలాంటిదే అయితే మెయిన్ ఆపగానే నీళ్ళు పోతాయి. మెషిన్ మీద ఉన్న స్విచ్చు ఆపితే చాలదు. మెయిన్ బోర్డులో త్రీ ఫేజ్ ఎంసీబీ ఆఫ్ చేసి దానికి టేపు చుట్టి, "పని జరుగుతోంది, ఆన్ చేయొద్దు" అని చీటీ అంటించండి. ఆ బోర్డు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టినా తప్పు లేదు. మెషిన్లో ఇన్వర్టర్ (మోటారు వేగాన్ని మార్చే డబ్బా, ఇంట్లో బ్యాటరీది కాదు) ఉంటే అందులో కరెంటు తీశాక కూడా కొంతసేపు చార్జ్ నిలిచి ఉంటుంది, పది నిమిషాలు ఆగి కవరు తీయండి, ఆ డబ్బా జోలికి అసలు పోవద్దు. ఆవిరి లైను ఉంటే దాని వాల్వ్ కూడా కట్టేయండి. చేతికి ఉంగరం, కడియం, దారం ఏదీ ఉండకూడదు.

ఇక కొనడం. పాత బెల్టు వీపు మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. "బి 75" అని ఉంటే బి సెక్షన్, లోపలి చుట్టుకొలత 75 అంగుళాలు. బి బెల్టు పైన వెడల్పు 17 మిల్లీమీటర్లు, ఎత్తు 11. ఏ సెక్షన్ అయితే 13, 8. "ఎస్‌పీబీ 2000" లాంటిది ఉంటే అది వేరే జాతి, అక్కడి అంకె మిల్లీమీటర్లలో. ఎస్‌పీబీ వెడల్పులో బి లాగే కనిపిస్తుంది కానీ ఎత్తు 13 దాకా ఉంటుంది. చూడటానికి ఒకలాగే ఉన్నాయని దీని బదులు అది వేయొద్దు. అచ్చు చెరిగిపోతే తెగిన బెల్టును నేల మీద తిన్నగా పరిచి టేపుతో కొలవండి. బి సెక్షన్‌కు అందులోంచి సుమారు 4 సెంటీమీటర్లు తీసేసి, మిగిలిన మిల్లీమీటర్లను 25.4తో భాగించండి. 1950 వచ్చిందనుకోండి, 40 తీస్తే 1910, అంటే 75 అంగుళాలు. పాత బెల్టు సాగి ఉంటుంది కాబట్టి లెక్క కొంచెం ఎక్కువే చూపిస్తుంది, రెండు సైజుల మధ్య పడితే చిన్నది తీసుకోండి. మెషిన్ మాన్యువల్ ఉంటే ఈ కొలతలన్నీ మరిచిపోయి అందులో ఉన్న నంబరే చూడండి.

కొండాపూర్‌లో హార్డ్‌వేర్ షాపుల్లో వెతికి టైము పాడుచేసుకోవద్దు. సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళండి, బెల్టులు, బేరింగులు, పుల్లీలు అమ్మే షాపులు వరసగా ఉంటాయి. పాత ముక్క చేతిలో పెట్టుకుని వెళ్ళి "మూడు బెల్టుల సెట్టు, ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్" అని గట్టిగా అడగండి. షాపాయన మూడు వేర్వేరు కట్టల్లోంచి తీసిస్తుంటే ఆపండి. మూడింటినీ ఒకే మేకుకు తగిలించి చూస్తే పొడవు తేడా కంటికే తెలుస్తుంది. మంచి కంపెనీ బెల్టు మీద ఐఎస్ 2494 (వీ-బెల్టుల భారత ప్రమాణం) అన్న అచ్చు, బ్యాచ్ నంబరు చదవగలిగేలా ఉంటాయి. అప్పుడే ఇంకో సెట్టు కూడా కొని లాండ్రీలో పెట్టుకోండి. ఎండ తగలని అల్మారాలో, మడతపడకుండా, రసాయనాల డబ్బాలకు దూరంగా పెట్టాలి. సన్న మేకుకు వేలాడదీస్తే ఆ వంపు దగ్గరే పాడవుతుంది.

విప్పేటప్పుడు ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. మోటారు కింద పలక ఇప్పుడు ఎక్కడ ఉందో మార్కర్‌తో గీత గీయండి. తర్వాత మోటారు బోల్టులు నాలుగూ వదులు చేయాలి, పూర్తిగా తీయనవసరం లేదు. టెన్షన్ బోల్టు మీద లాక్ నట్టు ఉంటుంది, రెండు పానాలతో దాన్ని వదిలించి, బోల్టు తిప్పుతూ మోటారును డ్రమ్ము వైపు జరపండి. బెల్టులు ఏ బలమూ లేకుండా చేత్తో ఊడి వచ్చేంత జరగాలి. ఎక్కించేటప్పుడూ అంతే. బలం కావాల్సి వస్తోందంటే మోటారు ఇంకా జరగలేదని అర్థం. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి.

బెల్టులన్నీ తీసేశాక ఆగండి. ఇది మళ్ళీ దొరకని సమయం. డ్రమ్ముకూ మోటారుకూ ఇప్పుడు సంబంధం లేదు, రెండింటినీ విడివిడిగా పరీక్షించవచ్చు. డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పి, చెవి బేరింగ్ హౌసింగ్ దగ్గర పెట్టి వినండి. మెత్తగా తిరగాలి. గరగరమని, ఇసుక నూరినట్టు వినిపిస్తే బేరింగ్ పోతోంది. తలుపు తెరిచి డ్రమ్ము అంచు పట్టుకుని పైకి లేపి చూడండి, కిందా మీదా ఆడితే అదీ బేరింగే. మోటారు పుల్లీని కూడా తిప్పి చూడండి. వెనక బేరింగ్ హౌసింగ్ కింద తుప్పు చారికలు, సబ్బు తెల్లటి చారలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే నీటి సీలు కారుతోంది. చాలా మెషిన్లలో సీలుకూ బేరింగుకూ మధ్య ఒక చిన్న రంధ్రం ఉంటుంది, సీలు పాడైతే నీళ్ళు బేరింగులోకి పోకుండా అక్కడి నుంచి బయటికి రావాలని పెట్టింది. అక్కడి నుంచి చుక్కలు పడుతుంటే, ఆ నీళ్ళు బెల్టుల మీద పడి బెల్టులు జారతాయి. సీలు, బేరింగు పని మీ వాళ్ళు చేయలేరు, దానికి తెలిసిన మనిషినే పిలవండి. ఆ పని ఆలస్యం చేస్తే షాఫ్టు కూడా తింటుంది, అప్పుడు ఖర్చు పది బెల్టుల సెట్లను దాటిపోతుంది.

గాడులు కూడా చూడాలి. వీ-బెల్టు గాడి పక్కలను పట్టుకుని లాగుతుంది, అడుగును తాకకూడదు. గాడి అడుగున వెండిలా మెరుస్తుంటే బెల్టు అక్కడ ఆనుతోంది, అంటే పక్కలు అరిగిపోయాయి. కొత్త బెల్టును గాడిలో పెట్టి చూడండి, దాని వీపు పుల్లీ అంచుకు సమానంగానో కాస్త పైకో ఉండాలి. లోపలికి దిగిపోతే ఆ పుల్లీ పని అయిపోయింది. ముందు అరిగేది మోటారు మీద ఉన్న చిన్న పుల్లీయే, పెద్ద దానికన్నా ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి. బాలానగర్‌లో లేత్ పట్టించి గాడులు సరిచేయించుకోవచ్చని కొందరు చెబుతారు. చిన్న పుల్లీకి నేను ఒప్పుకోను. వ్యాసం తగ్గితే డ్రమ్ము వేగం కూడా మారిపోతుంది. కొత్తదే కొనండి. టేపర్ బుష్ (పుల్లీని షాఫ్టుకు బిగించే వాలు తొడుగు) రకం అయితే ఊడదీయడానికి సుత్తి వాడొద్దు. స్క్రూలు రెండూ తీసి, అందులో ఒకదాన్ని ఖాళీగా ఉన్న మూడో రంధ్రంలో పెట్టి బిగిస్తే బుష్ తనే వదులుతుంది. గాడులు పొడి గుడ్డతో తుడిస్తే చాలు. బెల్టు జారకుండా ఏదో స్ప్రే కొట్టమని, రజను పూయమని ఎవరైనా చెబితే వినొద్దు, ఒక వారం శబ్దం ఆగుతుంది, తర్వాత నూగంతా అక్కడే అంటుకుంటుంది.

మూడు బెల్టులూ చేత్తో గాడుల్లో కూర్చోబెట్టాక మోటారును వెనక్కి లాగుతూ బిగించండి. బిగించే ముందు ఒక తాపీ దారం తీసుకుని పెద్ద పుల్లీ ముఖానికీ చిన్న పుల్లీ ముఖానికీ ఆనించి లాగి పట్టండి. రెండు పుల్లీల అంచు మందం ఒకటే అయితే దారం నాలుగు చోట్లా తాకాలి. ఒక చోట సందు కనిపిస్తే మోటారు వంకరగా కూర్చుంది. టెన్షన్ బోల్టు ఒకటే ఉన్న మెషిన్లలో ఈ వంకర తరచుగా వస్తుంది, బిగించేకొద్దీ మోటారు ఒక మూలకు తిరుగుతుంది. ప్రతిసారీ దారం పెట్టి చూడాలి.

టెన్షన్‌కు అందరూ వాడే కొలత ఇది. రెండు పుల్లీల మధ్య ఖాళీగా ఉన్న బెల్టు పొడవు కొలిచి, ప్రతి 100 మిల్లీమీటర్లకు 1.6 చొప్పున లెక్కవేయండి. ఖాళీ 500 మిల్లీమీటర్లయితే మధ్యలో నొక్కినప్పుడు 8 మిల్లీమీటర్లు దిగాలి. ఎంత బలంతో నొక్కాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది, స్ప్రింగ్ త్రాసుతో కొలవొచ్చు. త్రాసు లేకపోతే బొటనవేలితో నొక్కి చూడటమే, కానీ మూడు బెల్టులూ ఒకేలా దిగాలి. మళ్ళీ జారకూడదని బండరాయిలా బిగించే వాళ్ళున్నారు. దయచేసి అలా చేయనివ్వకండి. బెల్టు నిలుస్తుంది, బేరింగు పోతుంది. బోల్టులు, లాక్ నట్టు బిగించాక డ్రమ్మును చేత్తో మూడు నాలుగు చుట్లు తిప్పి, బెల్టులు గాడుల్లో కుదురుకున్నాక టెన్షన్ ఇంకోసారి చూడండి.

కవరు పెట్టాకే కరెంటు ఇవ్వండి. కవరు తీసి నడిపి చూద్దామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. మొదట ఖాళీగా ఒక స్పిన్, తర్వాత సగం లోడు, తర్వాత పూర్తి లోడు. వేగం అందుకునేటప్పుడు కీచుమంటే వదులుగా ఉంది. కొత్త బెల్టులు మొదటి రోజుల్లో సాగుతాయి కాబట్టి 24 గంటల నడక అయ్యాక, అంటే మీకు రెండు మూడు రోజుల తర్వాత, మెషిన్ ఆపి తప్పకుండా మళ్ళీ బిగించండి. రెండు వారాలకు ఇంకోసారి చూడండి. నాలుగు నెలల కిందట ఈ రెండోసారి బిగించడం జరగలేదని అనుకుంటున్నాను.

రేపు కవరు తీసినప్పుడు మూడు విషయాలు చూసి రాయండమ్మా. తెగింది కొత్త బెల్టా పాతదా, బేరింగ్ హౌసింగ్ కింద తడి ఉందా లేదా, నింపిన నీళ్ళు పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. తెగిన ముక్క పక్క నుంచి తీసిన ఫోటో కూడా పెట్టండి. అవి చూశాక సీలు పని కూడా ఇప్పుడే పెట్టుకోవాలో, కొన్నాళ్ళు ఆగొచ్చో చెబుతాను. అప్పటిదాకా మిగిలిన ఆ రెండు బెల్టులతో మెషిన్ నడపొద్దు.